రెండు కళ్ళ కెమేరా

మన పట్నాలలోని పాత ఫోటో స్టూడియోలలో, అద్దాల బీరువా వెనుక, ఒక నల్లని పెట్టె అప్పుడప్పుడు కనుపిస్తూ ఉంటుంది. ఇటుకను నిలువుగా నిలబెట్టినట్లుంటుంది. ముందువైపున ఒకదానిమీద ఒకటిగా రెండు గాజుకళ్ళు. పక్కన ఒక గుండ్రని మర. మెడలో వేసుకోవడానికి తోలుపట్టీ. పైమూతను వేలితో లేపితే నాలుగు రేకులు టక్కున నిలబడి చిన్న గూడు కడతాయి. ఆ గూటిలోకి తల వంచి చూస్తే అడుగున చదరపు గాజుపలక ఒకటి ఉంటుంది. ఆ పలకమీద ఎదుటనున్న వీధి అంతా, రిక్షాలూ మనుషులూ చెట్లూ, రంగులతో సహా కదులుతూ ఉంటుంది. మొదటిసారి చూచిన పిల్లవాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి ఆ బొమ్మ ఎక్కడనుంచి వచ్చిందా అని వెదకడం ఖాయం.

దీనిని ఇంగ్లీషువారు ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ కెమేరా అంటారు. జంట కటకాలు కలిగి, అద్దంమీద పరావర్తనం చెందిన ప్రతిబింబాన్ని చూపే కెమేరా అని అర్థం. మన ఊళ్ళలో దీనికి ఆ పేరు పట్టలేదు. రోలీ అనో, యాషికా అనో, తయారుచేసిన వారి పేరుతోనే వాడుకైపోయింది. మీ తాతగారి పెళ్ళిఫోటో ఇంట్లో ఉంటే, అది ఇటువంటి పెట్టెతో తీసినదే అయి ఉండవచ్చును.

ఈ పెట్టెల తయారీ దాదాపుగా ఆగిపోయి చాలా ఏళ్ళయింది. నేడు ప్రతివారి జేబులోనూ కెమేరా ఉన్నది. అయినా ప్రపంచంలో చాలాచోట్ల వీటిని వెదికి కొనేవారున్నారు, మరమ్మతు చేసేవారున్నారు, వీటితో కొత్తగా ఫోటోలు తీసేవారున్నారు. వారిలో చాలామంది ఈ కెమేరాల కాలం ముగిసిన తరువాత పుట్టినవారే. పాతవస్తువుల మీద మోజు అని దీనిని కొట్టివేయడం తేలిక. మోజు కొంత ఉన్నమాట నిజమే. కాని మోజు మాత్రమే అయితే బీరువాలో అలంకారంగా పెట్టుకుంటే సరిపోయేది. ఫిల్ము కొని, పన్నెండు బొమ్మలకు ఒకసారి చుట్ట మార్చుకొని, చీకటిగదిలో మందునీళ్ళలో కడుక్కునే శ్రమ ఎవరు పడతారు? దీని ఆకర్షణకు కారణం దీని నిర్మాణంలోనే ఉన్నది. ఆ నిర్మాణం ఉన్నత పాఠశాలలో చెప్పే కాంతిశాస్త్రానికి మించినది కాదు గనుక, దానిని కాస్త నింపాదిగా చూద్దాం.

కెమేరా చేసే పనులు రెండు. ఒకటి, తీయబోయే బొమ్మను మనకు చూపించడం. రెండు, దానిని ఫిల్ముమీద వ్రాయడం. ఈ రెండు పనులకూ ప్రతిబింబం ఒకేచోట ఏర్పడవలసి రావడమే మొదటినుంచీ ఫోటోగ్రాఫర్లకు వచ్చిన చిక్కు. ముక్కాలిపీటపై నిలిపే పాత కొయ్యకెమేరాను గుర్తుచేసుకోండి. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకొని వెనుకనున్న గరుకుగాజు పలకమీద తలక్రిందుల బొమ్మను సరిచూచుకునేవాడు. తరువాత ఆ గాజుపలకను తప్పించి, అదే స్థానంలో ఫోటోపలకను అమర్చేవాడు. ఆ క్షణంనుంచి అతనికి కెమేరాలో ఏమీ కనుపించదు. ఎదుట కూర్చున్నవారు ఈలోగా జరిగినా, తల తిప్పినా తెలియదు. ‘కదలకండి, కదలకండి’ అని అరవడం తప్ప అతను చేయగలిగింది లేదు.

దీనికి విరుగుడుగా రెండు ఉపాయాలు పుట్టాయి. కటకానికీ ఫిల్ముకూ మధ్య ఏటవాలుగా ఒక అద్దం పెట్టి, బొమ్మను పైకి మళ్ళించి చూపి, ఫోటో తీసే క్షణంలో మాత్రం ఆ అద్దాన్ని పక్కకు లేపడం ఒక ఉపాయం. ఇది ఒంటికటకం రిఫ్లెక్స్ కెమేరా. ఇక రెండవది, చూడడానికి ఒక కటకం, వ్రాయడానికి ఒక కటకం వేరువేరుగా పెట్టడం. రెండూ ఒకే రకమైనవైతే, రెండూ ఒకే పలకమీద బిగించి ముందుకూ వెనుకకూ కలిసి జరిగేటట్లు చేస్తే, పైకటకం చూపినదాన్నే క్రిందికటకం వ్రాస్తుంది. ఇది 1880లలోనే ఇంగ్లండులో వాడుకలోకి వచ్చింది. కాని ఆనాటివి పెద్ద కొయ్యపెట్టెలు. గాజుపలకలమీద ఫోటో తీసేవి. మోసుకు తిరగడానికి పనికివచ్చేవి కావు.

దీనిని అరచేతిలో ఇమిడేటట్లు చేసినవారు జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ పట్టణానికి చెందిన పౌల్ ఫ్రాంకె, రైన్‌హోల్డ్ హైడెకె అనే ఇద్దరు. 1920లో వీరు ఒక చిన్న కర్మాగారం పెట్టారు. వీరు మొదట చేసినవి స్టీరియో కెమేరాలు. మన కుడికన్నూ ఎడమకన్నూ చూచే దృశ్యాలలో స్వల్పమైన తేడా ఉన్నట్లే, రెండు కటకాలతో రెండు బొమ్మలు ఒకేసారి తీసి, వాటిని ప్రత్యేకమైన పెట్టెలో చూస్తే లోతు తెలుస్తుంది. వారి హైడోస్కోప్ కెమేరాలో అడ్డవరుసలో మూడు కటకాలు ఉండేవి. రెండు చివర్లవి బొమ్మలు తీసేవి. మధ్యది అద్దం ద్వారా బొమ్మను పైన చూపేది. ఈ కెమేరాలో ఒక చివరి కటకాన్ని తీసివేసి, మిగిలిన రెంటినీ నిలువుగా నిలబెట్టి చూడండి. అదే 1929లో బజారులోకి వచ్చిన రోలీఫ్లెక్స్. మూడింటిలో ఒకటి తగ్గించడంవలన పుట్టిన యంత్రం ఇది. కొత్తవి చేర్చడంవలనే యంత్రాలు వృద్ధిపొందుతాయనుకోవడం పొరపాటు.

మొదటి రోలీఫ్లెక్స్ ఒక చుట్టకు ఆరు బొమ్మలే తీసేది. 1932నాటి నమూనానుంచి 120 నంబరు ఫిల్ముచుట్టతో పన్నెండు బొమ్మలు వచ్చాయి. 120 ఫిల్ము కొడాక్ కంపెనీ 1901లో ప్రవేశపెట్టినది. అది నేటికీ తయారవుతున్నది. ఈ కెమేరాలు బ్రతికి ఉండడానికి ఇదొక ముఖ్యకారణమని మరువకూడదు. ఆ కాలంలో వచ్చిన ఎన్నో మంచి కెమేరాలు, వాటికి సరిపోయే ఫిల్ము తయారవడం మానడంతో బొమ్మలైపోయాయి. 1937లో వచ్చిన ఆటోమాట్ నమూనాలో పక్కనున్న పిడిని ఒకసారి తిప్పితే ఫిల్ము ముందుకు జరగడం, షట్టరు బిగియడం రెండూ ఒకేసారి జరిగేవి. దీని తరువాత ముఖ్యమైన మార్పులు చేయడానికి పెద్దగా మిగలలేదు.

ఇప్పుడు పెట్టె లోపలికి వెళ్దాం. రోలీఫ్లెక్స్ నమూనాలలో ఎక్కువ వాడుకలో ఉన్నదానిలో క్రిందికటకం నాభ్యంతరం 75 మి.మీ. దానిలో చాలావాటికి టెస్సార్ అనే కటకం ఉండేది. 1902లో జైస్ కంపెనీలో పౌల్ రూడాల్ఫ్ రూపొందించిన టెస్సార్‌లో నాలుగు గాజుముక్కలు మూడు జట్లుగా ఉంటాయి. ఒక్క గాజుముక్కతో చేసిన భూతద్దం అంచులలో రంగులు చిమ్ముతుంది, గీతలను వంచుతుంది. ఈ నాలుగూ ఒకదాని దోషాన్ని ఒకటి దిద్దుకుంటాయి. ఫలితాన్ని లెక్కించడానికి మాత్రం వీటినన్నిటినీ కలిపి 75 మి.మీ. నాభ్యంతరంగల ఒకే కుంభాకార కటకంగా భావించవచ్చును.

చాలాదూరాన ఉన్న కొండ ప్రతిబింబం కటకానికి వెనుక 75 మి.మీ. దూరంలో ఏర్పడుతుంది. వస్తువు దగ్గరకు వచ్చినకొద్దీ ప్రతిబింబం వెనుకకు జరుగుతుంది. లెక్క మీకు తెలిసినదే: నాభ్యంతరాన్ని వస్తుదూరంతో గుణించి, వస్తుదూరంలోనుంచి నాభ్యంతరాన్ని తీసివేయగా వచ్చినదానితో భాగించాలి. 10 మీటర్ల దూరంలోనున్న మనిషికి ప్రతిబింబం 75.6 మి.మీ. దగ్గర, 3 మీటర్లకు 76.9 మి.మీ. దగ్గర, 1 మీటరుకు 81.1 మి.మీ. దగ్గర ఏర్పడుతుంది. ఫిల్ము కదలదు గనుక కటకాన్నే ముందుకు జరపాలి. పక్కనున్న మర తిప్పితే రెండు కటకాల పలక ముందుకు వచ్చేది ఇందుకే. అనంతదూరంనుంచి 10 మీటర్ల వరకు రావడానికి పలక అర మిల్లీమీటరుకు కొంచెం పైగా జరిగితే చాలును. 3 మీటర్లనుంచి 1 మీటరుకు రావడానికి 4 మిల్లీమీటర్ల పైన జరగాలి. మరమీద దూరపు అంకెలు కిక్కిరిసి, దగ్గరి అంకెలు ఎడంగా ఉండడం విద్యార్థులు గమనించవచ్చును. నల్లబల్లమీద ఎన్ని ఉదాహరణలు చేసినా రాని స్పష్టత, ఆ మరను ఒకసారి తిప్పితే వస్తుంది.

పైకటకం నాభ్యంతరం కూడా అంతే. అయితే దాని వెనుక 45 డిగ్రీల వాలుతో సమతల దర్పణం ఉన్నది. కటకంనుంచి అద్దం దాకా, అద్దంనుంచి పైన గరుకుగాజు దాకా ఉన్న దూరాల మొత్తం, క్రిందికటకంనుంచి ఫిల్ము దాకా ఉన్న దూరానికి సమానంగా ఉంచుతారు. కాంతి నడిచే దారిని మడతపెట్టడమే తప్ప పొడవు మార్చడం లేదు. కాబట్టి పైన బొమ్మ స్పష్టంగా ఉన్నదంటే క్రింద ఫిల్ముమీద కూడా స్పష్టంగా ఉన్నట్లే. పైకటకాన్ని సాధారణంగా క్రిందిదానికంటె కాస్త పెద్ద రంధ్రంతో చేసేవారు. ఉదాహరణకు యాషికా మాట్ 124లో క్రిందికటకం ఎఫ్ 3.5, పైకటకం ఎఫ్ 2.8. ఇందువల్ల పైకి ఒకటిన్నర రెట్లు ఎక్కువ కాంతి వస్తుంది. అంతేకాదు, పెద్దరంధ్రం ఉన్న కటకం స్వల్పమైన పొరపాటును కూడా మసకగా చూపి పట్టిస్తుంది. చూచే కన్ను వ్రాసే కన్నుకంటె కొంచెం కఠినమైన పరీక్షాధికారి అన్నమాట.

కటకం ఇచ్చే నిజప్రతిబింబంలో పై క్రింద అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అద్దం వీటిలో మొదటిదాన్ని మాత్రమే సరిచేస్తుంది. మనిషి తలనుంచి వచ్చిన కిరణం కటకం దాటి క్రిందికి దిగి, వాలుగా ఉన్న అద్దానికి ముందుభాగాన తగులుతుంది. అక్కడినుంచి పైకి లేచి గాజుపలకలో మనకు దూరంగా ఉన్న అంచును చేరుతుంది. తల వంచి చూచే మనకు ఆ దూరపు అంచే ‘పైవైపు’. అందువల్ల మనిషి నిటారుగా నిలబడి కనుపిస్తాడు. కాని కుడిఎడమలను ఈ అద్దం ముట్టుకోదు. కుడినుంచి ఎడమకు పోయే బండి, పలకమీద ఎడమనుంచి కుడికి పోతుంది. బండి అంచులో తెగిపోతున్నదని కెమేరాను అది పోయినవైపు తిప్పితే ఇంకా తెగిపోతుంది. నేను మొదటిసారి ఈ పెట్టె పట్టుకున్న రోజున పరుగెత్తే మేకపిల్లను తీయబోయి, చివరకు గోడను తీసి వచ్చాను. అలవాటయ్యేదాకా ప్రతివారికీ ఇదే అనుభవం. క్రికెట్టు ఆటను, ఎగిరే పక్షిని తీయడానికి ఇది తగిన సాధనం కాదని ఒప్పుకోవలసిందే.

అయితే ఈ కుడిఎడమల తారుమారులో ఒక విచిత్రమైన లాభం కూడా ఉన్నది. రోజూ చూచే దృశ్యాన్ని మనం నిజానికి చూడము. తెలిసినదే కదా అని కన్ను దాటిపోతుంది. అదే దృశ్యం తారుమారై, ఒక చదరపు చట్రంలో, గాజుమీద కనుపించేసరికి అది కొత్తదవుతుంది. ఎదుటనున్నది వీధి అన్న మాట మరచిపోయి, వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ, ఏ గీత ఎటు వాలింది అనేది కనుపిస్తుంది. చిత్రకారులు తాము గీచిన బొమ్మను అద్దంలో చూచి తప్పులు పట్టుకోవడం పాత ఆచారమే. పైగా ఇక్కడ మనం కన్నంలోనుంచి తొంగిచూడడం లేదు. పలకమీద ఏర్పడిన బొమ్మను, రెండు కళ్ళతో, పుస్తకం చదివినట్లు చూస్తున్నాం. తీయబోయే ఫోటో తీయకముందే ఒక వస్తువుగా కళ్ళముందు ఉంటుంది. ఈ కెమేరాను ఒకసారి వాడినవారు వదలలేకపోవడానికి మొదటి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఇక దీని అసలు లోపం సంగతి. రెండు కళ్ళూ ఒకేచోట లేవు. పైకటకానికీ క్రిందికటకానికీ మధ్య ఎడం 45 మి.మీ. అనుకుందాం. మన చూపుడువేలిని ముక్కుకు ఎదురుగా పట్టి, ఒక కన్ను మూసి మరొకటి తెరిస్తే వేలు గోడమీద పక్కకు గెంతినట్లు కనుపిస్తుంది గదా! అదే ఇక్కడ నిలువుగా జరుగుతుంది. దీనినే పారలాక్సు అంటారు. దీని పరిమాణం ఎంతో లెక్కవేద్దాం. ఈ కెమేరాలో బొమ్మ పేరుకు 6 సెం.మీ. చదరమైనా, నిజానికి ప్రక్క 56 మి.మీ. ఉంటుంది. 10 మీటర్ల దూరంలో ఆ చట్రంలో పట్టే దృశ్యం ఎత్తు సుమారు 7 మీటర్ల 40 సెం.మీ. అందులో నాలుగున్నర సెంటీమీటర్ల తేడా ఎవరికీ కనుపించదు. 1 మీటరు దూరంలో పట్టేది 69 సెం.మీ. మాత్రమే. అందులో నాలుగున్నర సెంటీమీటర్లంటే దాదాపు పదిహేనోవంతు. క్రిందికటకం తక్కువ ఎత్తునుంచి చూస్తుంది గనుక, పలకమీద అంచుకు తగిలీ తగలనట్లు అమర్చిన తల, ఫిల్ముమీద నెత్తి తెగి వస్తుంది. కడిగిన నెగటివు చూచుకొని తలపట్టుకున్న కొత్తవారు ఎందరో!

దీనిని సరిచేయడానికి వేసిన ఎత్తులు చూడదగినవి. రోలీఫ్లెక్స్‌లో గాజుపలక క్రింద ఒక సన్నని చట్రం ఉంటుంది. మర తిప్పి కటకాలను ముందుకు తెచ్చినకొద్దీ ఆ చట్రం తనంతట తానే జరిగి, క్రిందికటకానికి పట్టని భాగాన్ని కప్పేస్తుంది. దీనితో నెత్తి తెగే బాధ తీరింది. కాని పారలాక్సు పూర్తిగా పోయిందా? లేదు. దగ్గరగా ఉన్న పూలకుండీ వెనుక దూరాన గోపురం ఉన్నదనుకోండి. పైకన్నుకు గోపురం కుండీ అంచుకు పైన కనుపిస్తే, క్రిందికన్నుకు కుండీ చాటున దాగిపోవచ్చును. చట్రం జరిపినందువల్ల చూచేచోటు మారదు. జపానులోని మమియా కంపెనీవారు దీనికి తిన్నని మందు కనిపెట్టారు. ముక్కాలిపీటకూ కెమేరాకూ మధ్య అమర్చే చిన్న ఎత్తుబల్ల అది. బొమ్మ సరిచూచుకున్న తరువాత దాని పిడి తిప్పితే కెమేరా మొత్తం సరిగ్గా రెండు కటకాల ఎడమంత పైకి లేస్తుంది. అంటే చూచిన కన్ను ఉన్నచోటికే వ్రాసే కన్ను వచ్చి నిలుస్తుంది. క్షేత్రగణితంతో దోషాన్ని పూర్తిగా తీర్చిన ఉపాయం. అయితే కదిలే మనిషికి ఇది పనికిరాదు. ఎత్తుబల్ల లేచేదాకా అతను ఆగడు.

ఇంత చిక్కు ఉన్నా ఆ రెండవ కన్నును ఎందుకు ఉంచుకున్నారు? దానికి ప్రతిఫలంగా వచ్చినది చిన్నది కాదు గనుక. ఒంటికటకం కెమేరాలో ఫోటో తీసే క్షణంలో అద్దం లేస్తుంది, చూపు ఆరిపోతుంది. మొదట్లో ఆ అద్దం తిరిగి మనమే దించేదాకా చీకటిగానే ఉండేది. 1954లో జపానులో వచ్చిన అసాహీఫ్లెక్స్ వంటి కెమేరాలతో అద్దం వెంటనే దిగిరావడం నేర్చింది. అయినా ఫిల్ముమీద కాంతి పడే ఆ లిప్తపాటు చూపు లేదు. జంటకటకాల కెమేరాలో అద్దానికి కదలవలసిన పనే లేదు. మీట నొక్కిన క్షణంలో ఎదుటి మనిషి కళ్ళు మూశాడో తెరిచాడో పలకమీద కనుపిస్తూనే ఉంటుంది. అద్దం కదలదు గనుక ‘ఠప్’మనే చప్పుడూ లేదు, పెట్టె అదరడమూ లేదు. దీని షట్టరు కటకం మధ్యలోనే ఉంటుంది. పలుచని ఉక్కురేకులు కొన్ని పువ్వులాగా విచ్చుకొని ముడుచుకుంటాయి. 1912లో మ్యూనిక్‌లో ఫ్రీడ్రిక్ డెకెల్ తయారుచేసిన కాంపూర్ షట్టరు ఈ జాతికి ప్రసిద్ధమైనది. దాని శబ్దం చేతిగడియారం మర తిరిగినంత. సెకనులో ముప్పయ్యోవంతు, పదిహేనోవంతు వంటి నెమ్మది వేగాలలో కూడా, పెట్టెను పొట్టకు ఆనించి ఊపిరి బిగబడితే బొమ్మ చెదరదు. రేకులు పూర్తిగా విచ్చుకునే క్షణం ప్రతివేగంలోనూ ఉంటుంది గనుక, ఏ వేగంలోనైనా మెరుపుదీపం వాడవచ్చును. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేవారికి ఇది ఎంత సదుపాయమో చెప్పనక్కరలేదు.

కెమేరా కంటివద్ద కాక నడుముదగ్గర ఉండడంవలన కలిగిన మార్పు మరొకటి. నిలబడిన పెద్దమనిషి కంటిఎత్తునుంచి చూస్తే చిన్నపిల్లలు నేలకు నొక్కినట్లు కనుపిస్తారు. నడుమెత్తునుంచి చూస్తే వారి ముఖానికి ఎదురుగా చూచినట్లుంటుంది. అంతకుమించి, ఎదుటివారికి తమవైపు గురిపెట్టిన కన్ను కనుపించదు. తల వంచుకొని ఏదో చూచుకుంటున్న మనిషి కనుపిస్తాడు. భయపెట్టని భంగిమ అది. అమెరికాలో చికాగో నగరంలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ రోలీఫ్లెక్స్‌ను మెడలో వేసుకొని ఏళ్ళతరబడి వీధులలో మనుషుల ఫోటోలు తీసింది. ఎవరికీ చూపలేదు. 2007లో ఆమె సామాను వేలంలో అమ్ముడుపోయినప్పుడు అవి బయటపడ్డాయి. లక్షకు పైగా నెగటివులు. 2009లో ఆమె మరణించేనాటికి ఆమె పేరు లోకానికి ఇంకా తెలియదు. వార్తాచిత్రాలు తీసిన తొలి భారతీయ మహిళగా ప్రసిద్ధురాలైన హోమై వ్యారావాలా కూడా స్పీడ్ గ్రాఫిక్ అనే పెద్ద కెమేరాతో పాటు రోలీఫ్లెక్స్ వాడేవారు. స్వాతంత్ర్యం వచ్చిన కాలపు ఢిల్లీని మనం నేడు చూడగలగడం చాలావరకు ఆమె చలువే.

రోలీఫ్లెక్స్ ఖరీదైన వస్తువు. 1933నుంచి అదే కంపెనీ రోలీకార్డ్ అనే చౌకరకం చేసింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇతరదేశాలు రంగంలోకి దిగాయి. రష్యాలో లెనిన్‌గ్రాడ్‌లో లుబీటెల్, చెకొస్లోవేకియాలో ఫ్లెక్సారెట్, చైనాలో సీగల్ తయారైనాయి. జపానులో ఎన్నో కంపెనీలు పోటీపడ్డాయి. వాటిలో 1957లో వచ్చిన యాషికా మాట్, దాని తరువాతి నమూనాలు మనదేశంలో స్టూడియోలకు నమ్మకమైన నేస్తాలయ్యాయి. తెలుగు పట్నాలలో ఫోటోగ్రాఫరు అంటే మెడలో యాషికా అన్నంతగా పాతతరంవారికి గుర్తు. దీనికి ఒక ఆర్థికకారణం కూడా ఉన్నది. 35 మి.మీ. ఫిల్ముమీద బొమ్మ వైశాల్యం 864 చదరపు మి.మీ. అయితే, దీనిమీద 3,136. మూడున్నర రెట్లకు మించినది. నెగటివును నేరుగా కాగితంపై ఆనించి ముద్రించినా ముఖాలు గుర్తుపట్టవచ్చును. పెద్దదిచేసే యంత్రం కొనలేని చిన్న స్టూడియోవానికి ఇది వరం. పెద్దదిచేసినప్పుడు కూడా పట్టుచీర జరీ పోగులు విడివిడిగా కనుపించేవి. ఒంటికటకం కెమేరాలు మెరుగుపడి, కటకాలు మార్చుకునే వీలు చవకై, రంగుఫిల్ముల కడుగుడు యంత్రాలు 35 మి.మీ.కు అలవాటుపడ్డాక ఈ పెట్టెల గిరాకీ పడిపోయింది. యాషికా వారు 1980లలోను, మమియా వారు 1990లలోను వీటిని మానుకున్నారు.

అట్లా మానుకున్న పెట్టెలు నేడు మన పట్నాలలో అటకలమీదా, తూకానికి కొనేవారి బస్తాలలోనూ ఉన్నాయి. మీ పాఠశాల దగ్గర ఎవరివద్దనైనా ఒకటి ఉంటే, ఫిల్ము లేకపోయినా సరే, ఒక పూట అడిగి తెచ్చుకొమ్మని ఉపాధ్యాయులకు నా సలహా. ఫోను కెమేరాలోనూ కటకం ఉన్నది, ప్రతిబింబం ఉన్నది; కాని ప్రతిబింబం ఏర్పడేచోటికి విద్యార్థి కన్ను చేరలేదు. ఇక్కడ చేరగలదు. వెనుకతలుపు తెరిచి, ఫిల్ము పరుచుకునే పట్టాలమీద నకలుకాగితం వంటి అర్ధపారదర్శకమైన పలుచని కాగితాన్ని బిగుతుగా అతికించండి. షట్టరును ‘బి’ గుర్తువద్ద పెట్టి, మీట నొక్కి పట్టుకోండి. కటకపు రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, కెమేరాను వెలుగున్న కిటికీవైపు తిప్పి, తలమీద దుప్పటి కప్పుకోండి. కాగితంమీద కిటికీ తలక్రిందులుగా కనుపిస్తుంది. అదే సమయాన మరొక విద్యార్థి పైపలకలో చూస్తే అదే కిటికీ నిటారుగా, కుడిఎడమలు మారి ఉంటుంది. ఒకే వస్తువుకు, ఒకే రకపు రెండు కటకాలు, ఒక అద్దం తేడాతో ఇచ్చిన రెండు ప్రతిబింబాలు అవి.

ఆ తరువాత కటకంనుంచి సరిగ్గా 1 మీటరు దూరంలో గజంబద్దను నిలబెట్టి, కాగితంమీద 10 సెం.మీ. భాగం ఎంత పొడవున్నదో కొలవండి. 75 మి.మీ. కటకమైతే 8 మి.మీ.కు కాస్త పైగా రావాలి. బద్దపై అంచును పైపలక చట్రానికి సరిగ్గా తాకించి, కాగితంమీద అది ఎక్కడ తెగిందో చూస్తే పారలాక్సు కూడా చేతికి అందుతుంది. కటకాల మధ్య ఎడాన్ని స్కేలుతో కొలిచి లెక్కతో సరిపోల్చుకోవచ్చును. రోలీఫ్లెక్స్ అయితే జరిగే చట్రంవల్ల ఈ తేడా కనుపించకపోవచ్చును; అప్పుడు మరను తిప్పుతూ ఆ చట్రం కదలికనే గమనించండి.

పాత కెమేరా తెచ్చినప్పుడు రెండు జాగ్రత్తలు. మన కోస్తా జిల్లాల తేమలో తోలుసంచి బూజుకు పుట్టిల్లు. సంచిలోనే ఏళ్ళతరబడి పడుకున్న కటకాలలో సాలెగూడువంటి తెల్లని పోగులు కనుపిస్తే అది బూజే. అది గాజుపై పూతను తినివేస్తుంది. కెమేరాను తోలుసంచినుంచి తీసి, బిగుతైన డబ్బాలో సిలికాజెల్ పొట్లంతో ఉంచాలి. రెండవది, పైపలకను తీసి లోపలి అద్దాన్ని చూపాలని ఉబలాటపడితే, దానిని గుడ్డతో మాత్రం తుడవవద్దు. మన ఇళ్ళలోని అద్దానికి వెండిపూత గాజు వెనుక ఉంటుంది. పెన్సిలు మొనను ఆనిస్తే మొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య గాజుమందం కారణంగా ఎడం కనుపిస్తుంది. అటువంటి అద్దం ముందుతలంనుంచి మసకగా ఒకటి, వెనుకపూతనుంచి స్పష్టంగా ఒకటి, రెండు ప్రతిబింబాలు ఇస్తుంది. అందుకని ఈ కెమేరాల అద్దానికి పూత ముందుతలంమీదే వేస్తారు. ఆ పూతకు గాజు కాపలా లేదు. ఎంత మెత్తని గుడ్డయినా గీతలు పడతాయి. రబ్బరుబంతితో గాలి కొట్టి దుమ్ము రాల్చడం వరకే.